ముప్పై ఆంపియర్ల బేరం

మా మారుతీ 800లో డ్రైవరు కాళ్ల కింద చాప ఎత్తితే రోడ్డు కనిపించింది. విశాఖ సముద్రపు గాలిలో ఇరవై ఏళ్లు నిలబడ్డ బండి. తుప్పు పట్టకపోతేనే వింత. అరచేయంత బెజ్జం, దాని చుట్టూ అప్పడంలా విరిగిపోయే రేకు. టింకరింగ్ షెడ్డులో అడిగితే వారం రోజులు బండి వదిలెయ్యమన్నారు. అంతకంటే ఒక పాత వెల్డింగ్ మిషను కొనుక్కుంటే పనీ అవుతుంది, పనితనమూ వస్తుంది కదా అనుకున్నాను. గేట్లు, గ్రిల్స్ చేసే షాపు మూసేస్తూ ఒకాయన తన రాడ్ మిషను చవగ్గా ఇచ్చేశాడు. మొదటి రోజు సాయంత్రానికి అరచేయంత బెజ్జం రెండు అరచేతులంత అయింది.

రాడ్ ఆనించడం ఆలస్యం, రేకు కరిగి కిందికి కారిపోయేది. కరెంటు తగ్గిస్తే రాడ్ అతుక్కుపోయేది. పెంచితే మళ్లీ బెజ్జం. చివరికి గాజువాక ఆటోనగర్‌లో బండ్ల బాడీలు చేసే మేస్త్రీని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన మిషనూ చూశాడు, బెజ్జమూ చూశాడు. "సార్, ఇది గేటుకు మిషను. బండికి కాదు" అన్నాడు. నేను మిషను పాడైందేమో అనుకున్నాను. అది బాగానే ఉంది. నా లెక్కే తప్పు.

ఆ లెక్క కష్టమైనదేం కాదు. కారు బాడీ రేకు మందం సుమారు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఏ వెల్డింగ్ ఆర్క్‌లోనైనా వేడి దానికి ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి కరగడం గురించి బెంగ లేదు. చూడాల్సింది సెకనుకు ఎంత వేడి దిగుతోంది, అది ఎటు పోతోంది అన్నదే. మామూలుగా దొరికే సన్న రాడ్ 2.5 మిల్లీమీటర్లది. అది అంటుకుని నిలకడగా వెలగాలంటే కనీసం 60 ఆంపియర్లు కావాలి. ఆ కరెంటు దగ్గర ఆర్క్ మీద సుమారు 22 వోల్టులుంటాయి. రెండూ గుణిస్తే 1,300 వాట్లు దాటింది. బకెట్లో నీళ్లు కాచుకునే హీటరు 1,500 వాట్లది. బకెట్టెడు నీళ్లను సలసలా మరిగించే వేడిని దాదాపు మొత్తంగా కందిగింజంత చోట దింపుతున్నామన్నమాట. గేటు చేసే ఐదు మిల్లీమీటర్ల యాంగిల్ అయితే ఆ వేడిని నాలుగు వైపులా లాగేసుకుంటుంది. 0.8 మిల్లీమీటర్ల రేకుకు ఆ ఒళ్లు లేదు. పైగా రాడ్ మందం రేకుకు మూడు రెట్లు. రాడ్ కరిగేలోపు రేకు పోతుంది.

పాత వెల్డర్లకు ఒక కొండగుర్తు ఉంది: అంగుళంలో వెయ్యో వంతు మందానికి ఒక ఆంపియర్. 0.8 మిల్లీమీటర్లంటే అంగుళంలో వెయ్యికి 31 వంతులు. అంటే ముప్పై ఆంపియర్ల దగ్గర పని మొదలుపెట్టాలి. పాత మిషను కొనడానికి వెళ్లిన ప్రతివాడూ "ఎన్ని ఆంపియర్ల మిషను?" అని అడుగుతాడు. అమ్మేవాడు 200, 250 అని గర్వంగా చెబుతాడు. బండి రేకు పనికి అడగాల్సింది అది కాదు. "ఎంత తక్కువకు దిగుతుంది? దిగాక వణక్కుండా వెలుగుతుందా?" అని అడగాలి. 30 ఆంపియర్ల దగ్గర నిలకడగా నడిచే 150 ఆంపియర్ల మిషను ముందు, 60 కంటే దిగని 300 ఆంపియర్ల మిషను మనకు ఇనుప పెట్టెతో సమానం.

అంత కిందికి దిగేది తీగతో చేసే వెల్డింగ్. పుస్తకాల్లో మిగ్ అంటారు, మన షెడ్లలో సీవోటూ వెల్డింగ్ అంటారు. చుట్టగా ఉన్న సన్న తీగను ఒక చిన్న మోటారు గన్‌లోంచి తోస్తూ ఉంటుంది, తీగ చుట్టూ గ్యాస్ వస్తూ గాలి తగలకుండా కాపాడుతుంది. 1948లో అమెరికాలోని బాటెల్ సంస్థలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. అప్పట్లో జడవాయువులే వాడేవారు కాబట్టి ఖరీదు ఎక్కువ. 1953 నాటికి సోవియట్ ఇంజినీర్లు కార్బన్ డయాక్సైడ్‌తో ఉక్కు అతికించి చూపించాక చవకైంది. ఆ దశాబ్దం చివరికి సన్న తీగ, తక్కువ వోల్టేజి పద్ధతి వచ్చింది. పల్చటి రేకుకు అసలు మేలు చేసింది అదే.

అందులో ఏం జరుగుతుందో తెలిస్తే మిషను మంచిచెడ్డలు చెవితోనే పట్టేయొచ్చు. తీగ కొస రేకును తాకుతుంది. తాకగానే షార్ట్ అయి ఆర్క్ ఆరిపోతుంది. కరెంటు ఎగబాకి తీగ కొసను కరిగించి, ఒక బొట్టును రేకు మీద వదులుతుంది. మళ్లీ ఆర్క్ వెలుగుతుంది, తీగ మళ్లీ ముందుకొస్తుంది. ఇదంతా సెకనులో వంద సార్ల వరకూ జరుగుతుంది. ఆర్క్ ఆరిన ప్రతిసారీ రేకుకు రెప్పపాటులో వెయ్యో వంతైనా ఊపిరి దొరుకుతుంది. 40 ఆంపియర్లు, 16 వోల్టులు అనుకుంటే 640 వాట్లే, రాడ్ మిషను దింపినదాంట్లో సగం. అన్నీ కుదిరితే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఒకే వరసన చప్పుడొస్తుంది. అప్పుడప్పుడూ టప్, టప్‌మని ఎగిరితే తీగ సాఫీగా రావడం లేదని అర్థం.

గ్యాస్ అక్కర్లేదంటూ అమ్మే చిన్న మిషన్లూ పాతవి బోలెడు దొరుకుతున్నాయి. వాటి తీగ కడుపులో మందు కూరి ఉంటుంది, అది కాలి గ్యాస్ వదులుతుంది. ఆరుబయట గాలిలో గ్రిల్స్ పనికి హాయి. రేకు మీద మాత్రం వేడి ఎక్కువ, చిట్టెం ఎక్కువ, నిప్పురవ్వలు మరీ ఎక్కువ. గ్యాస్ పెట్టుకునే వీలు లేని మిషను బాడీ పనికి ఎంత చవగ్గా వచ్చినా నేను తీసుకోను.

ఇక ప్లేటు చదవడం. వెనకవైపు రేటింగ్ ప్లేటు లేని మిషను గురించి మాట్లాడుకోవడమే దండగ. ఉన్నా, దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఒక చిన్న ఇన్వర్టర్ మిషను మీద 250 ఆంపియర్లు అని పెద్దక్షరాలతో రాసి ఉంది, వెనక చూస్తే ఇస్త్రీపెట్టెకు ఉండేంత వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు. రాడ్ వెల్డింగ్‌లో 250 ఆంపియర్లంటే ఆర్క్ మీద 30 వోల్టులు, అంటే 7,500 వాట్లు. మిషనులో నష్టాలు కలుపుకుంటే గోడలోంచి లాగాల్సింది తొమ్మిది వేల వాట్ల పైచిలుకు. 230 వోల్టుల లైనులో అది 40 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ప్లగ్గు మోయగలిగింది 3,700 వాట్లు. ప్లగ్గు నిజం చెబుతోంది, స్టిక్కరు అబద్ధం చెబుతోంది. ఇలాంటి మిషను పనికిరాదని కాదు, 250కి ధర కట్టొద్దని అంటున్నాను.

ప్లేటు మీద 60 శాతం, 20 శాతం అని కనిపించేది డ్యూటీ సైకిల్. పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆపకుండా వెల్డ్ చేయొచ్చో అది. 200 ఆంపియర్ల దగ్గర 20 శాతమంటే రెండు నిమిషాలు వెల్డింగ్, ఎనిమిది నిమిషాలు విశ్రాంతి. వినడానికి బద్ధకపు మిషనులా ఉంటుంది. కానీ మిషను లోపలి తీగల్లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది. కరెంటు సగమైతే వేడి నాలుగో వంతే. ఆ లెక్కన ఇదే మిషను 89 ఆంపియర్ల దగ్గర రోజంతా ఆగకుండా నడవాలి. మనకు కావాల్సింది 40. కాబట్టి గేట్ల వాళ్లు తక్కువ డ్యూటీ సైకిలని వదిలేసిన మిషను మనకు మంచి బేరం.

ఇంటి కరెంటు సరిపోతుందా అని చాలామంది భయపడతారు. రేకు పని వరకు మిషను లాగేది మిక్సీ లాగినంతకు కాస్త ఎక్కువ, అంతే. చిక్కంతా ఫేజుల్లో ఉంది. షాపుల్లోంచి వచ్చే పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్లు చాలావరకు రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద నడిచేవి, లేదా మూడు ఫేజులవి. సింగిల్ ఫేజ్ ఇంట్లో అవి పనిచేయవు. డబ్బు చేతిలో పెట్టేముందు ఈ ఒక్క ప్రశ్న మర్చిపోయి, ఆటో బాడుగ పెట్టి మిషను ఇంటికి తెచ్చుకుని, మళ్లీ బాడుగ పెట్టి తిప్పి పంపినవాళ్లు ఉన్నారు.

ట్రాన్స్‌ఫార్మర్ మిషనా, ఇన్వర్టర్ మిషనా అన్నది ఇంకో చర్చ. 50 హెర్ట్జ్ కరెంటును మార్చాలంటే బండెడు ఇనుప కోర్ కావాలి. ఇన్వర్టర్‌లో ఎలక్ట్రానిక్ స్విచ్చులు ఆ కరెంటును సెకనుకు పదుల వేలసార్లు తిప్పుతాయి కాబట్టి కోర్ అరచేతిలో పట్టేంతకు దిగిపోతుంది. ఒకప్పుడు ఇటుకలా ఉండే ఛార్జర్లు ఇప్పుడు అగ్గిపెట్టెలంత అయిపోయిన కారణమే ఇది కూడా. కొత్తది కొనేవాడికి ఇన్వర్టరే సుఖం. పాతది కొనేవాడికి నా ఓటు ట్రాన్స్‌ఫార్మర్‌కే. అందులో పాడయ్యేవి తక్కువ, పాడైతే బాగుచేసేవాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఇన్వర్టర్‌లో ఫ్యాను లోపలికి పీల్చిన గ్రైండింగ్ పొడి ఇనుపదే కాబట్టి బోర్డు మీద పేరుకుని ఎప్పుడో ఒకరోజు షార్ట్ చేస్తుంది. పాత ఇన్వర్టర్ తీసుకోక తప్పదంటే మూత విప్పించి చూడండి. లోపల నల్లటి నూగు పట్టి ఉంటే ధర సగానికి దించండి, లేదా నమస్కారం పెట్టి వచ్చేయండి.

ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ ఒక మాయ ఉంది. "కాపర్ వైండింగ్ సార్" అంటారు. పైన ఎర్రటి వార్నిష్ వేస్తే అల్యూమినియం తీగా రాగిలాగే మెరుస్తుంది. ఏ మూలో ఒకచోట బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. గీకనివ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే.

గ్యాస్ సిలిండరు సంగతి. పాత సిలిండరు కొనడం కంటే అద్దెకు తీసుకోవడం మంచిది. మెడ మీద కొట్టి ఉన్న పరీక్ష తేదీ గడువు దాటితే నింపేవాళ్లు ముట్టుకోరు. ఎంత గ్యాస్ మిగిలిందో మీటరు చూసి చెప్పలేం, తూకం వేసి చూడాలి. కార్బన్ డయాక్సైడ్ లోపల ద్రవంగా ఉంటుంది, ద్రవం ఉన్నంతసేపూ ఒత్తిడి మారదు. వేసవిలో ఇంకో తమాషా. 31 డిగ్రీలు దాటితే ఆ పదార్థం ద్రవమూ కాదు, వాయువూ కాదు. మన మే నెలలో షెడ్డు మూలన నిలబడ్డ ప్రతి నిండు సీవోటూ సిలిండరులోనూ ఉన్నది ఆ స్థితే. కిలో గ్యాస్ నిమిషానికి పది లీటర్ల చొప్పున గంటకు కాస్త తక్కువ వస్తుంది. ఫ్లోర్‌కు ఒక ప్యాచ్ వేయడానికి అదే ఎక్కువ.

ఇంతకీ నేను కొన్నదేమిటంటే, ఒక షెడ్డులో మూల పడేసిన సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ సీవోటూ మిషను. ప్లేటు మీద 30 నుంచి 180. వెళ్లేటప్పుడు తుక్కు దుకాణంలో అడిగి తెచ్చుకున్న పాత బానెట్ ముక్క, పెయింటు గీకేసి సంచిలో పెట్టుకున్నాను. ముందు గన్ కేబుల్‌ను నేల మీద తిన్నగా పరిచి తీగ వదిలాను, తర్వాత చుట్టచుట్టి వదిలాను. చుట్టినప్పుడు తీగ మొరాయించింది. కేబుల్ లోపలి లైనర్ అరిగిందన్నమాట, అది మార్చుకోవడం పెద్ద ఖర్చు కాదు. ఆ మాట చెప్పి ధర తగ్గించాను. ఆ తర్వాత బానెట్ ముక్క మీద ఒక్క సెకను గన్ నొక్కి వదిలాను. రేకు వెనక్కి తిప్పి చూస్తే నీలి వలయం, మధ్యలో చిన్న బొడిపె, బెజ్జం లేదు. 0.8 తీగ, అడుగు సెట్టింగు.

ప్యాచ్ వేసేటప్పుడు ఒకటే నియమం: గీత లాగొద్దు, చుక్క పెట్టండి. 30 సెంటీమీటర్ల అతుకు 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లారాక అంతా పప్పుచెక్కలా వంకరపోతుంది. ఈ చివర ఒక చుక్క, ఆ చివర ఒకటి, మధ్యలో ఒకటి. చేయి పెట్టగలిగేంత చల్లారాకే పక్క చుక్క. ఫ్యాక్టరీలో ఒక కారు బాడీని కూడా గీతలతో కాదు, కొన్ని వేల చుక్కలతోనే కలుపుతారు. తుప్పు రేకును మాత్రం మెరిసే ఉక్కు కనిపించేదాకా కోసేయాలి. తుప్పు మీద ఏ మిషనూ అతకదు.

కొన్ని పనులు ఇంట్లో పెట్టుకోవద్దు. సీట్ బెల్టు బిగించే చోటు, సస్పెన్షన్ మోసే చోటు, ఈమధ్య బండ్లలో తలుపుల మధ్య స్తంభం. ఆ స్తంభానికి వాడే గట్టి ఉక్కు వెల్డింగ్ వేడికి మెత్తబడిపోతుంది, పైకి మాత్రం ఏమీ తెలియదు. కొత్త బండ్ల రేకుకు జింకు పూత కూడా ఉంటుంది. జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, ఉక్కు కరగకముందే తెల్లటి పొగ లేస్తుంది. అది పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం. పాలు తాగితే విరుగుడన్నది నమ్మకమే, పూత గీకేసి తలుపులు తెరవడమే మందు. బ్యాటరీ తీసేయండి, పెట్రోలు ట్యాంకు దగ్గర పనైతే ట్యాంకు దింపేయండి. ముఖానికి అడ్డం పెట్టుకునే హెల్మెట్ మాత్రం పాతది కొనొద్దు. అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మండేటప్పుడు మిగుల్చుకున్న ఆ కొద్ది డబ్బు గుర్తొస్తుంది.

పాత మిషను చూడ్డానికి వెళ్లేటప్పుడు బానెట్ ముక్క ఒకటి సంచిలో వేసుకుని వెళ్లండి. అమ్మేవాడు "రేకు మీద వద్దు సార్, ఈ యాంగిల్ మీద కొట్టి చూడండి" అన్నాడంటే, ఆ మిషను అక్కడే వదిలేసి రండి.