పడి లేచు పడవ

1628వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీని స్వీడన్ రాజధానియగు స్టాక్‌హోము రేవున జనము క్రిక్కిరిసి నిలిచియుండెను. గుస్తావ్ అడాల్ఫ్ మహారాజు కట్టించిన ‘వాసా’ అను యుద్ధనౌక తొలిసారిగా కదలు దినమది. 64 ఫిరంగులు, వానికై రెండు వరుసల కిటికీలు, చెక్కడపు బొమ్మలతో నిండిన ఎత్తైన వెనుకభాగము గల ఆ నౌక, చూచువారికి నీటిపై తేలు రాజభవనమువలె కనిపించెను. నావికులు నాలుగు తెరచాపలను మాత్రమే విప్పిరి. మొదటి గాలితెరకు ఓడ ప్రక్కకు ఒరిగి, మెల్లగా లేచెను. రెండవ గాలికి ఒరిగినది మరల లేవలేదు. క్రింది వరుసలో తెరచియున్న ఫిరంగి కిటికీలగుండ నీరు లోనికురికెను. పట్టుమని 1300 మీటర్లయినను నడువకమునుపే ఆ నౌక, ఒడ్డున నిలిచినవారి కన్నులయెదుట మునిగిపోయెను. సుమారు 30 మంది ప్రాణములు కోల్పోయిరి.

ఇందు విచారింపదగిన సంగతి మరియొకటి కలదు. ఓడ బయలుదేరుటకు ముందే దాని నిలుకడను పరీక్షించి చూచిరి. నౌకాధిపతి క్లాస్ ఫ్లెమింగ్ సమక్షమున 30 మంది నావికులు ఓడ పైతట్టుమీద ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు, ఆ ప్రక్కనుండి ఈ ప్రక్కకు పరుగెత్తిరి. మూడవ పరుగునకే ఓడ ప్రమాదకరముగా ఊగసాగెను. పరీక్షను ఆపివేసిరి, ప్రయాణమును మాత్రము ఆపలేదు. ఓడను కట్టిన హెన్రిక్ హీబెర్ట్‌సన్ అంతకు ముందటి సంవత్సరమే మరణించియుండెను. రాజుగారు ఓడ కొరకు తొందరపడుచుండిరి. విచారణ జరిగెను గాని ఎవరికిని శిక్ష పడలేదు. ఆ ఓడ అడుగున రాళ్ళ బరువు చాలలేదని నేడు తెలియుచున్నది. మరికొన్ని రాళ్ళు వేసినచో ఓడ ఇంకను దిగబడి, ఆ క్రింది కిటికీలు నీటి అంచునకే వచ్చియుండెడివి. తప్పు రాళ్ళ లెక్కలోనిది కాదు, ఓడ ఆకారములోనిది. 1961లో సముద్రగర్భమునుండి పైకి తీయబడిన ఆ ఓడ నేడు స్టాక్‌హోములో ఒక ప్రదర్శనశాలయందు నిలిచియున్నది.

ఓడ ఏల ఒరుగును? ఒరిగిన ఓడ ఏల లేచును? మన ఇండ్లలోని తంజావూరు బొమ్మ ఈ ప్రశ్నకు సగము సమాధానము చెప్పును. ఎంత వంచినను ఆ బొమ్మ తిరిగి లేచుటకు రెండు కారణములు: అడుగు గుండ్రముగా నుండుట, బరువంతయు అడుగుననే యుండుట. ఓడ విషయమునను ఆకారము, బరువు అను ఈ రెండే ప్రధానములు. అయితే బొమ్మ గట్టి నేలపై నిలుచును. ఓడ నీటిలో తేలును. కనుక లెక్క కొంత చిక్కుపడును.

ఓడ బరువంతయు ఒక బిందువుగుండ క్రిందికి లాగుచుండును. దానిని గురుత్వకేంద్రమందురు. ఓడ తొలగించిన నీరు దానిని పైకి నెట్టుచుండును. ఆ నెట్టుడు, ఓడయొక్క మునిగిన భాగమునకు నడుమనుండు బిందువుగుండ పోవును. ఓడ నిటారుగ నున్నప్పుడు ఈ రెండు బలములు ఒకే నిలువు గీతపై నుండును. ఓడ ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు మునిగిన భాగము ఆకారము మారి, పైకి నెట్టు బలము ఒరిగిన ప్రక్కకు జరుగును. క్రిందికి లాగు బలమొకచోట, పైకి నెట్టు బలమొకచోట నుండుటచే రెండును కలిసి, రెండు చేతులతో చక్రమును త్రిప్పినట్లు, ఓడను తిరిగి లేపును. వాని నడుమ అడ్డదూరమెంత ఎక్కువయైన లేపు శక్తి అంత ఎక్కువ. ఈ సూత్రమునకు గణితరూపమిచ్చినవారిలో ముఖ్యుడు పియేర్ బుగే అను ఫ్రెంచి పండితుడు. భూమి ఆకారమును కొలుచుటకై పెరూ దేశపు కొండలకు పోయిన బృందములో ఆయన యొకడు. ఓడలను గూర్చిన ఆయన గ్రంథము 1746లో వెలువడెను. అప్పటికి ‘వాసా’ మునిగి 118 సంవత్సరములు గడచినవి. పాపము, హీబెర్ట్‌సన్ అనుభవమును నమ్ముకొని కట్టినాడు. లెక్క కట్టుటకు ఆనాడు లెక్కయే లేదు.

ఇక తెరచాప పడవల సంగతి. ఓడ అడుగున ఈ చివరనుండి ఆ చివరవరకు వెన్నెముకవలె సాగు దూలమును ఆంగ్లేయులు ‘కీల్’ అందురు. మన తలుపు కీలునకు, మోకాలి కీలునకు దీనితో చుట్టరికము లేదు. ధ్వని మాత్రమే కలిసినది. తెరచాప పడవలో ఈ కీల్ వెన్నెముకగా నుండుటతో ఊరకుండక, అడుగునుండి రెక్కవలె నీటిలోనికి దిగి రెండు పనులు చేయును. మొదటిది, పడవ ప్రక్కకు కొట్టుకొనిపోకుండ ఆపుట. తడిసిన చింతపిక్కను రెండు వ్రేళ్ళ నడుమ నొక్కినచో అది ముందుకు జారును గదా! ప్రక్కనుండి త్రోయు గాలికిని, ప్రక్కకు పోనీయని కీల్‌కును నడుమ చిక్కిన పడవ అట్లే ముందుకు సాగును. రెండవ పని, బరువును లోతున పట్టియుంచుట. పూర్వము ఓడ లోపల రాళ్ళు పేర్చెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ బరువును ఓడ వెలుపల, కీల్‌కే పోతపోసిన ఇనుముగనో, సీసముగనో తగిలించు పద్ధతి వ్యాపించెను. సీసము నీటికంటె పదకొండు రెట్లు బరువైనది. కొంచెము చోటులోనే ఎక్కువ బరువు లోతునకు దిగును.

ఇక్కడ సామాన్యుని ఊహకు అందని విషయమొకటి కలదు. వెడల్పాటి పడవను రేవులో ఎక్కినచో అది చాపవలె కదలకుండ నుండును. ఇరుకైన పడవ కాలు మోపగానే ఊగును. మొదటిది భద్రమనియు, రెండవది ప్రమాదమనియు ఎక్కినవాడు తలచును. కొంచెపు ఒరుగుదలలో ఇది నిజమే. వెడల్పాటి పడవ ఏ కొంచెము ఒరిగినను, నెట్టు బలము చాల దూరము జరిగి, దానిని వెంటనే నిలబెట్టును. కీల్ బరువు ఆ సమయమున చేయు సాయము స్వల్పము. అది ఇంచుమించు గురుత్వకేంద్రమునకు నేరుగ క్రిందనే వ్రేలాడుచుండును. కాని తెరచాప కొయ్య నీటిని తాకునంతగా పడవ పరుండినప్పుడు కథ తారుమారగును. అప్పుడు కీల్ చాచిన చేయివలె అడ్డముగా నిలుచును. దాని బరువునకు అంతకుమించిన పట్టు ఏ స్థితియందును లేదు. ఆ స్థితిలో వెడల్పు ఇచ్చిన సాయము తరిగిపోవును. ఇంకను తిరిగి పడవ పూర్తిగా తలక్రిందులైనచో ఆ వెడల్పే శత్రువగును: చాప బోర్లపడినను చాపయే. ఇరుకైన పడవ మాత్రము బోర్లపడి కుదురుగా నుండలేదు; ఏ చిన్న అల తగిలినను కీల్ బరువు దానిని మరల త్రిప్పివేయును.

కావున ఒరుగకుండుట వేరు, ఒరిగి లేచుట వేరు. ఎంత కోణము వరకు ఒరిగిన పడవ తనంత తానే లేవగలదో దానిని నిలుకడ నశించు కోణమందురు. ఈ భేదము 1979 వరకు పందెపు పడవలు కట్టువారి దృష్టికి చాలినంతగా రాలేదు. వచ్చుటకు పదునైదు ప్రాణములు మూల్యమైనవి.

ఆ సంవత్సరము ఆగస్టు 11న ఇంగ్లండులోని కౌస్ రేవునుండి 303 పడవలు, ఐర్లండు దక్షిణమున సముద్రము నడుమ నిలిచిన ఫాస్ట్‌నెట్ అను కొండను చుట్టివచ్చు పందెమునకు బయలుదేరెను. 13వ తేదీ రాత్రి తుఫాను విరుచుకొనిపడెను. 15 మంది పోటీదారులు మరణించిరి. 24 పడవలను విడిచి జనము వెడలిపోయిరి. వానిలో మునిగినవి ఐదు మాత్రమే. తక్కిన పందొమ్మిదియు తరువాత తేలుచు కనబడెను. విచారణసంఘమువారు ప్రశ్నలు పంపగా, బదులిచ్చిన పడవలలో మూడింట ఒక వంతు నీటిపై అడ్డముగా పడుటయే గాక అంతకు మించి తిరిగినట్లు తేలెను.

ఆ కాలపు పడవలట్లుండుటకు మూలము పందెపు నిబంధనలలో కలదు. పెద్ద పడవకును చిన్న పడవకును సమానావకాశము కల్పించుటకై కొలతలనుబట్టి కాలమును సవరించు పద్ధతి యుండెను. ఆ కొలతలకు అనుకూలముగ పడవలు వెడల్పయి, తేలికయి పోయెను. న్యాయముకై వ్రాసిన నిబంధన పడవ ఆకారమును గీసినది. విచారణలో రెండు పడవలను పోల్చి చూచిరి. ఆనాటి పందెపు పడవ నిలుకడ నశించు కోణము 120 డిగ్రీల లోపుననే యుండెను. పాత పద్ధతిలో కట్టిన, ఇరుకైన ‘కాంటెస్సా 32’ జాతి పడవకు అది 150 డిగ్రీలను మించెను. ఆ జాతికి చెందిన ‘అసెంట్’ అను పడవ, తన చిన్న తరగతిలో పందెమును పూర్తిచేసిన ఏకైక పడవ.

అటుపిమ్మట సౌథాంప్టన్ విశ్వవిద్యాలయమున నీటితొట్టిలో నమూనాలతో పరీక్షలు జరిగెను. ప్రక్కనుండి విరిగిపడు అల ఎత్తు పడవ పొడవులో 30 వంతులు నూటికి చేరగానే కొన్ని పడవలు తలక్రిందులయ్యెను. 60 వంతులకు చేరినప్పుడు ఏ పడవయు నిలువలేదు. అనగా పది మీటర్ల పడవకు ఆరు మీటర్ల విరుగు అల యముడే. ఎట్టి కీల్ ఆపలేదు. తలక్రిందులు కాకుండ ఆపుట కీల్ వశములో లేదు; తలక్రిందులైన పిమ్మట లేపుట మాత్రమే దాని వశములోనిది. ఇంకొక చిత్రము కూడ బయటపడెను. తెరచాప కొయ్య విరిగిపోయిన పడవ, పైబరువు తగ్గినందున భద్రమగునని తోచును గదా? అట్లు కాదు, అది మరింత సులభముగా తిరుగబడును. తాడుపై నడచువాని చేతిలోని పొడుగు గడవలె, ఆ కొయ్య పడవ హఠాత్తుగా తిరుగకుండ అడ్డుపడుచుండును.

అమెరికావారు ఆ విషాదము తరువాత ఒక చిన్న లెక్కను ప్రచారములోనికి తెచ్చిరి. విద్యార్థులు సులభముగా చేయదగినది. పడవ వెడల్పును, అది తొలగించు నీటి ఘనపరిమాణపు ఘనమూలముచే భాగింపవలెను. ఫలము 2కు మించినచో ఆ పడవ నడిసముద్రమునకు తగదు. ‘కాంటెస్సా’ వెడల్పు సుమారు 2.9 మీటర్లు, తొలగించు నీరు సుమారు 4.2 ఘనమీటర్లు, దాని ఘనమూలము 1.61, భాగింపగా వచ్చునది 1.8. లెక్క చక్కగనే యున్నది గాని, బరువు ఎచ్చటనున్నదో అది అడుగదు. కీల్‌లోని సీసమునంతయు తీసి తెరచాప కొయ్య చివర కట్టినను జవాబు 1.8 గనే వచ్చును!

కీల్ రూపములు అనేకము. పొడవునా సాగునవి, చేప రెక్కవలె కురుచగా దిగునవి, చివర సీసపు ఉండ గలవి. 1983లో 132 సంవత్సరములుగా అమెరికా చేజారని ‘అమెరికా కప్పు’ను గెలిచిన ‘ఆస్ట్రేలియా 2’ కీల్‌కు అడుగున రెక్కలుండెను. వేగము కోరువారు సన్నని కీల్‌ను లోతుగ దింపి, చివర బరువు నుంచిరి. ఈ సన్నదనమున క్రొత్త ప్రమాదము పొంచియుండెను. ఒంటరిగా భూప్రదక్షిణము చేయు ‘వాందే గ్లోబ్’ పందెములో 1997 జనవరి 5న దక్షిణ సముద్రమున టోనీ బుల్లిమోర్ అను ఆంగ్లేయుని పడవ కీల్ విరిగి తలక్రిందులయ్యెను. కీల్ లేని పడవ లేచుటెట్లు? బోర్లపడిన పడవ లోపల, చలిలో, చీకటిలో ఆయన నాలుగు దినములు గడిపెను. 9వ తేదీని ‘ఆడిలైడ్’ అను ఆస్ట్రేలియా యుద్ధనౌక వచ్చి చేరినప్పుడు ఆయన నీటిలో మునిగి వెలుపలికి ఈదివచ్చెను. అదే ప్రాంతమున బోల్తాపడిన తన పడవను పట్టుకొని వ్రేలాడిన తియెరీ దుబ్వా అను ఫ్రెంచివాడును రక్షింపబడెను. జెర్రీ రూఫ్స్ అను కెనడావాడు మాత్రము తిరిగిరాలేదు. ఆ పందెము తరువాత ఆ జాతి పడవలకు కఠినమైన పరీక్ష వచ్చెను. రేవులో క్రేనుతో పడవను పూర్తిగా తలక్రిందులు చేయుదురు. నావికుడు లోపలనే యుండును. ప్రక్కలకు కదలు కీల్‌ను త్రిప్పి, పడవను తిరిగి లేపి, ఆయన బయటికి రావలెను. ‘వాసా’ మీద పరుగెత్తిన 30 మంది గుర్తునకు రాక మానరు.

కీల్ ఎంత మంచిదైనను పడవకు అంటిపెట్టుకొనియున్నప్పుడే దాని ఫలము. 2014 మే నెలలో అట్లాంటిక్ నడుమ ‘చీకీ రఫీకీ’ అను పడవ కీల్ ఊడిపోయి, నలుగురు నావికులు గల్లంతైరి. అంతకు ముందు ఆ పడవ నేలను తాకిన సందర్భములును, చేసిన మరమ్మతులును కీల్ అతుకును బలహీనపరచి యుండవచ్చునని విచారణాధికారులు అభిప్రాయపడిరి. నీటి క్రింద కంటికి కనబడని కొన్ని మరలపై నాలుగు ప్రాణములు ఆధారపడినవి.

మన దేశమునకు సంబంధించిన కథ 2018లోనిది. 1968–69లో ఒంటరిగా, ఎచ్చటను ఆగకుండ భూమిని చుట్టివచ్చిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ పడవ ‘సుహైలీ’ బొంబాయిలో కట్టినది. ఆ యాత్రకు 50 సంవత్సరములు నిండిన సందర్భమున జరిగిన పందెములో, పొడవైన కీల్ వెనుక అంచునకు చుక్కాని తగిలించిన పాత పద్ధతి పడవలకే ప్రవేశము. ‘సుహైలీ’ నమూనాలో గోవాలో కట్టిన ‘తురియా’పై భారత నౌకాదళాధికారి అభిలాష్ టోమీ బయలుదేరెను. సెప్టెంబరు 21న దక్షిణ హిందూమహాసముద్రమున తుఫాను పడవను పొర్లించెను. తెరచాప కొయ్యలు విరిగెను. ఆయన వెన్నెముకకు తీవ్రమైన దెబ్బ తగిలెను. పడవ మాత్రము లేచి నిలిచెను. కదలలేని ఆ నావికుని మూడు దినములు నీటిపై మోసి, 24వ తేదీని వచ్చిన ‘ఓసిరిస్’ అను ఫ్రెంచి నౌకకు అప్పగించెను. అంతకు నాలుగు నెలల ముందే, విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన బి. ఐశ్వర్య సభ్యులుగా గల ఆర్వురు నౌకాదళ వనితలు ‘తారిణి’ అను తెరచాప పడవపై అదే దక్షిణ సముద్రములను దాటి, 2018 మే 21న గోవా చేరియుండిరి.

అభిలాష్ టోమీ కోలుకొని, 2022లో అదే పందెమునకు మరల వెడలెను. ఆ సంవత్సరము నవంబరులో ఫిన్లండు దేశీయుడగు టాపియో లెహ్టినెన్ పడవ ‘ఆస్టేరియా’, పొడవైన కీల్ గలదియే, ఒరుగలేదు, బోర్లపడలేదు; వెనుకభాగమున నీరు నిండి నిమిషములలో మునిగిపోయెను. ఆయనను తేలు తెప్పనుండి తీసినది పందెములోనే యున్న దక్షిణాఫ్రికా వనిత కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్. ఆయనను దారిన పోవు సరకుల ఓడకు ఎక్కించి, ఆమె తన ‘మిన్నెహహా’ తెరచాపలను సరిచేసికొని ముందుకు సాగెను. 2023 ఏప్రిల్ 27న ఆమె మొదట, 29న అభిలాష్ టోమీ రెండవవాడుగ ఫ్రాన్సు తీరమున రేవు చేరిరి.