మెట్టసీమను పటములో నిలుపు విధము

మన అనంతపుర మండలమున ఛాయాపటము తీయదగిన దేమున్నదని విద్యార్థులు పలువు రడుగుచుందురు. పెన్నలో ఏడాదికి పెక్కు నెలలు ఇసుకయే గాని నీరుండదు; కొండలు బోడివి; పొలములు మెట్టవి. కెమేరాయు సెల్‌ఫోనును ఊటీకో అరకులోయకో పోయినపుడు మాత్రమే పనిచేయుట మేము చూచుచున్నాము. పచ్చని లోయలో ఎవరు తీసినను పటము కొంత బాగుగనే యుండును. మన సీమలో తీయుట కష్టము. అందుచేతనే దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మొదట వెలుతురు. అనంతపురము సుమారు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. కావున ఏప్రిల్ నెలాఖరునను, మరల ఆగస్టు నడుమను, మధ్యాహ్నమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అప్పుడు నిలువుగా పాతిన కోలకు నీడయే యుండదు. నీడ లేనపుడు బండ గుండ్రదనము తెలియదు, దున్నిన చేనిలో సాళ్లు కానరావు, చెరువుకట్ట నేలతో సమానమై తోచును. ఆ చేనినే ప్రొద్దుపొడిచిన అరగంటకు చూడవలెను. కిరణములు ఏటవాలుగా ప్రాకి వచ్చుటచే ప్రతి మట్టిపెళ్లకును నీడ కలిగి, గొర్రు నడచిన దారి యంతయు గీతలు గీతలుగా విడివడును. గుత్తి కొండయు నట్లే. కోటగోడయు, దానిని మోయు బండయు ఇంచుమించుగా ఒకే వన్నెవి; పగటియెండలో ఏది కొండయో ఏది గోడయో చెప్పుట కష్టము. ప్రొద్దు వాలిన పిమ్మట గోడల మడతలన్నియు తేటపడును. కావున పటము తీయబోవువాడు ముందునాడు కెమేరా లేకయే ఆ చోటికి పోయి, వెలుతు రెటు నుండి వచ్చునో చూచి రావలెను. వేకువను లేవలేని సోమరులకు ఈ విద్య యబ్బదు.

మెట్టనేల విశాలమైనది; కంటికి గొప్పగా తోచిన ఆ విశాలము పటములో చిన్న పట్టెయై పోవును. దగ్గర నొక వస్తువు, నడుమ నొకటి, దూరమున నొకటి కనబడునట్లు నిలిచినచో దూరము తెలియును: ముంగిట తంగేడు పొద, నడుమ మేకలమంద, వెనుక పెనుకొండ. లేపాక్షి బసవన్న సుమారు 27 అడుగుల పొడవు గల యేకశిల. ఒంటరిగా తీసిన పటములో బల్లమీది బొమ్మవలె నుండును. ప్రక్కన నొక మనిషి నిలిచిన చాలును, దాని గొప్పతనము తెలిసిపోవును. (పెనుకొండయు లేపాక్షియు 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి, బసవన్నకు ఆ సంగతి పట్టినట్లు లేదు.)

కెమేరాకు మన యెండ తెలియదు. ఎదుట నున్నదంతయు నడిమి బూడిదవన్నె యని యెంచి వెలుతురును లెక్కకట్టుట దాని యలవాటు. ఎండకు తెల్లబారిన నేలను చూపినపుడు అది వెలుతురు మిక్కుటమని భ్రమపడి పటమును మసకచేయును. అప్పుడు మనమే కొంత వెలుతురు హెచ్చింపవలెను; సెల్‌ఫోనులలో పెక్కింట తెరను తాకి సూర్యుని గుర్తును పైకి జరిపిన చాలును. నలుపుతెలుపు పటములకు ఎఱ్ఱగాజు మఱియొక సాధనము: ఎఱ్ఱనేల తెల్లబడును, నీలాకాశము నల్లబడును. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1927లో యొసెమిటీ లోయలోని హాఫ్ డోమ్ అను పెనుబండ యెదుట నిలిచి, మొదట పసుపుగాజుతో నొక పటము తీసెను. (అదియు మన కొండలవలె గ్రానైటే.) ఆకాశము తన మనస్సున దోచినంత నల్లగా రాదని వెంటనే గ్రహించి, మిగిలిన యొకే ఫలకమును ఎఱ్ఱగాజుతో వాడెను. ఆ రెండవదే ప్రసిద్ధి కెక్కినది. మీట నొక్కుటకు ముందే పటమును మనస్సులో చూచుకొనుట యనగా నిదియే.

ఇక కరువు సంగతి. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమలో బీటలు వారిన చెరువునేల ప్రతివాని కంటను పడును, తీయుటయు సుళువు. 1876-78 నాటి ఘోరక్షామమున, మన మండల మింకను బళ్లారి జిల్లాలోని భాగముగా నుండగా (ప్రత్యేక జిల్లా యైనది 1882లో), చెన్నరాజధానిలో విలోబీ వాలెస్ హూపర్ అను సైనికోద్యోగి ఎముకలు తేలిన స్త్రీపురుషులను, బిడ్డలను వరుసగా కూర్చుండబెట్టి పటములు తీసెను. అవి లోకమునకు క్షామమును ఎరుకపరచిన మాట నిజమే. అయినను, వారిని ఆదుకొనక పటములు మాత్రము తీసెనను నింద ఆయనకు తప్పలేదు. ఆ పటములను చూచినవానికి ఆ బిడ్డలది ఏ యూరో, వారి తండ్రులు ఏ చేను దున్నిరో తెలియదు. బీటల నేలనే పదేపదే చూపు పటములకును ఈ లోపమే కలదని మా యభిప్రాయము. ఆ చెరువునకు కట్ట యున్నది, తూము ఉన్నది, కట్టకు మట్టి మోసిన జనమున్నారు. వారి పనియు చట్రములోనికి రావలెను. పొలములోని మనుష్యులను తీయునపుడు వారి యనుమతి అడుగవలెనని వేరుగ చెప్ప నక్కరలేదు.

మాకు మిక్కిలి నచ్చిన పని యొకటి కలదు. బుక్కరాయసముద్రము చెరువుకట్టపై నొక తావును గుర్తుపెట్టుకొని, నెల కొకసారి, అదే వేళకు, అదే దిక్కునకు తిరిగి పటము తీయుట. మేలోని పటమును నవంబరులోని పటమును ప్రక్కప్రక్కన అంటించినపుడు, ఆ యేడు వాన కురిసినదో లేదో మాట లేకయే తెలియును. తేదీయు, వేళయు, మబ్బు సంగతియు పటము వెనుక పెన్సిలుతో వ్రాసి యుంచవలెను. మన గాలిలో దుమ్ము మెండు గనుక, కటకమును చొక్కా అంచుతో తుడువక మెత్తని నూలుగుడ్డ నొకటి సంచిలో నుంచుకొనవలెను. దుమ్ము నూదిన పిమ్మటనే తుడువవలెను. లేనిచో ఇసుకరేణువు గాజుపై గీత పెట్టును.