వరంగల్ భూగర్భ మురుగునీటి పథకం: వాగులు, చెరువులు, ఆయకట్టుపై ప్రభావ సమీక్ష ఆవశ్యకత

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలసిన మహానగరానికి సమగ్ర భూగర్భ మురుగునీటి వ్యవస్థ లేకపోవడం చాలాకాలంగా ఉన్న లోటు. గృహాల మలినజలం సెప్టిక్ ట్యాంకులలోనికి, అక్కడినుండి పక్క కాల్వలకు, నాలాలకు చేరుతున్నది. సెప్టిక్ ట్యాంకుల వ్యర్థాల నిర్వహణకు నగరపాలక సంస్థ 2016లో నిబంధనలు రూపొందించి, అమ్మవారిపేట వద్ద శుద్ధి కేంద్రాన్ని నెలకొల్పినది. అయితే అది ఘన వ్యర్థానికి మార్గం చూపినదే కాని, నిత్యం ప్రవహించే మురుగునీటికి కాదు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ నగర భూగర్భ మురుగునీటి పథకానికి రూ. 4,170 కోట్లు ప్రకటించడంతో ఈ లోటు తీరే అవకాశం ఏర్పడినది.

ప్రజారోగ్య దృష్ట్యా ఈ పథకం అత్యవసరం. అందులో సందేహం లేదు. అయితే మురుగు గొట్టం వేయడమంటే నగరం నుండి బయటకు పోయే నీటి దారిని, పరిమాణాన్ని, నాణ్యతను ఒకేసారి మార్చడం. ఆ నీటి దారిలో వాగులు, చెరువులు, వాటి కింది వరి పొలాలు ఉన్నవి. వాటిపై పడే ప్రభావాన్ని తవ్వకానికి ముందే ఎలా సమీక్షించాలి, అందులో విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర ఏమిటి అన్నది ఈ వ్యాస విషయం.

నేల తీరు, నీటి దారి

ఈ ప్రాంతం గ్రానైట్ శిలలపై ఏర్పడిన చల్కా నేలల ప్రాంతం. పలుచని మట్టి పొర, దానికింద మొరం, ఆ కింద గట్టి రాయి. ఇటువంటి నేలలో వాననీరు లోతుకు ఇంకదు. కనుకనే కాకతీయుల కాలం నుండి వాలు వెంబడి గొలుసుకట్టు చెరువులు నిర్మించి, ఒక చెరువు మత్తడి నీరు దిగువ చెరువుకు చేరేలా ఏర్పాటు చేసినారు. భద్రకాళి, వడ్డేపల్లి చెరువులు నేడు నగరం నడుమ ఉన్నను, వాటి మిగులు నీటి కాల్వలే నేటి నాలాలు. 2020 ఆగస్టులోను, 2023 జులైలోను నగరాన్ని ముంచిన వరదలు ఈ కాల్వలు ఇరుకైనందువల్ల కలిగిన ఫలితాన్ని కళ్ళకు కట్టినవి.

మురుగునీరు గురుత్వాకర్షణచే పారవలెను కనుక ప్రధాన గొట్టాలు సహజంగానే లోతట్టు ప్రదేశాల వెంబడి, అనగా వాగుల వెంబడి, సాగుతవి. మురుగు గొట్టానికి అనువైన దారి, వాగు దారి ఒకటే కావడమే ఈ సమస్యకు మూలం.

చట్టం వదలిన ఖాళీ

2006 పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన షెడ్యూలులో గృహ మురుగునీటి గొట్టపు మార్గం ప్రత్యేక పద్దుగా లేదు. 2017 చిత్తడి నేలల నిబంధనలు శుద్ధి చేయని నగర వ్యర్థజలం విడుదలను, గరిష్ఠ వరద మట్టపు సగటు నుండి 50 మీటర్ల లోపు శాశ్వత నిర్మాణాలను నిషేధించినవి. కాని అవే నిబంధనలు చిత్తడి నేల నిర్వచనం నుండి నదీ ప్రవాహ మార్గాలను, వరి పొలాలను, సాగునీటి కోసం ప్రత్యేకంగా నిర్మించిన కట్టడాలను మినహాయించినవి. తెలంగాణ చెరువులన్నీ దాదాపు సాగు కోసం కట్టినవే! జమ్ము, తుంగ, నీటిపక్షులు, చేపలు అన్నీ ఉండి, ఒక చిత్తడి నేల చేయవలసిన పనులన్నీ చేస్తున్న చెరువు, పుట్టుక కారణంగా ఆ రక్షణకు దూరమయ్యే అవకాశమున్నది. కనుక చట్టం కోరనంత మాత్రాన సమీక్ష అనవసరమని భావించరాదు. చట్టం కోరని చోటనే వృత్తిపరమైన బాధ్యత అధికమవుతుంది.

నిర్మాణ దశలో గమనించవలసినవి

ఒకటిన్నర మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల లోతు గల కందకం కిలోమీటరుకు 6,000 ఘనపు మీటర్ల మట్టిని వెలికితీస్తుంది. దానిని వాగు ఒడ్డున పోసినచో తొలకరి వానకే కొట్టుకుపోయి దిగువ చెరువులో పూడికగా చేరుతుంది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ ద్వారా ఎంతో వ్యయంతో తీసిన పూడిక మరల చేరరాదు. కాబట్టి వాగు సమీపంలోని తవ్వకం వర్షాకాలానికి ముందే పూర్తి కావలెను.

రెండవది, అంతగా చర్చకు రాని అంశం. గొట్టం కింద పరచే ఇసుక, కంకర పొర చుట్టూ ఉన్న గట్టి మొరం కంటే నీటిని త్వరగా పారనిస్తుంది. చెరువు శిఖం పక్కగా సాగే కందకం ఆ విధంగా కనిపించని మురుగుకాల్వగా మారి, చెరువు ఊటను దిగువకు లాగివేయగలదు. నిర్ణీత దూరాలలో కందకానికి అడ్డుగా బంకమట్టి కట్టలు వేయడం దీనికి సులభ నివారణ. మూడవది, గట్టి రాయి తగిలిన చోట పేలుళ్ళు జరిపినచో పాత చెరువు కట్టలకు, తూములకు ప్రమాదం. వాగును దాటే ప్రతిచోట తెరచి తవ్వడమా, అడుగునుండి తొలచడమా అన్నది విడివిడిగా నిర్ణయించవలెను.

నీరు తగ్గితే ఆయకట్టు మాటేమిటి?

తలసరి రోజుకు 135 లీటర్ల నీటి సరఫరాలో 80 శాతం మురుగునీరుగా మారుతుందని ఇంజనీర్లు లెక్కిస్తారు. అంటే 108 లీటర్లు. లక్ష జనాభాకు రోజుకు 10,800 ఘనపు మీటర్లు. 120 రోజుల యాసంగి కాలానికి సుమారు 130 హెక్టారు మీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు అవసరమనుకుంటే ఈ నీరు 108 హెక్టార్లకు, అనగా సుమారు 265 ఎకరాలకు సమానం. ఇంకుడు, ఆవిరి పోగా సగమే పొలానికి చేరినదనుకొన్నను 130 ఎకరాలు. నగరానికి దిగువన యాసంగి వరి ఎంత మేరకు నాలా నీటిపై ఆధారపడి ఉన్నదో తెలియకుండా ఆ నీటిని మరొక దిశకు మళ్ళించినచో, నగరం శుభ్రపడిన సంవత్సరమే పొలం ఎండిపోతుంది. ఆయకట్టు రైతుకు ఈ విషయం గొట్టం పని పూర్తయిన తరువాత తెలియడం న్యాయం కాదు.

శుద్ధి చేసిన నీరు, మిగిలిన నత్రజని

శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిని తిరిగి చెరువులకు ఇచ్చినచో సమస్య తీరుతుందా? ఇక్కడ సేద్య శాస్త్రజ్ఞులు నిశితంగా పరిశీలించవలసిన అంశం ఒకటి ఉన్నది. 2017 అక్టోబరు కేంద్ర ప్రమాణాల ప్రకారం మహానగరాలు కాని చోట్ల శుద్ధి చేసిన నీటిలో జీవ రసాయన ఆక్సిజన్ అవసరం లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదు. కాని ఆ ప్రమాణాలలో నత్రజనికి, భాస్వరానికి పరిమితి లేదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మరింత కఠినమైన ప్రమాణాలను ఆదేశించినది. ఏ ప్రమాణం ఆధారంగా కేంద్రాన్ని రూపొందిస్తున్నారో ముందే అడిగి తెలుసుకొనవలెను.

లీటరుకు 30 మిల్లీగ్రాముల నత్రజని గల నీటితో హెక్టారు వరికి 12,000 ఘనపు మీటర్లు పారిస్తే 360 కిలోల నత్రజని చేరుతుంది. మన సిఫారసు 120 కిలోలు మాత్రమే. ముంపు నేలలో సగం వాయురూపంలో పోయినను 180 కిలోలు మిగులును. రైతు ఒక్క బస్తా యూరియా వేయకున్నను పైరు ఏపుగా పెరిగి, పడిపోయి, అగ్గితెగులుకు, సుడిదోమకు లోనవుతుంది. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ మార్గదర్శకాలలో సాగునీటిలో నత్రజని లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్త, 30 దాటితే తీవ్ర నియంత్రణ అవసరమని ఉన్నది. చెరువులో నిలిచిన భాస్వరం గుర్రపు డెక్కకు ఎరువవుతుంది.

హైదరాబాదు దిగువన మూసీ ఆయకట్టు మనకు సమీపంలోని పాఠం. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యం గల శుద్ధి కేంద్రం ఉన్నను, నగరానికి దగ్గరి పొలాలలో రైతులు పారాగడ్డి సాగును ఆశ్రయించినారు. నీటి నాణ్యతను బట్టి పంట మారినది. పంటను బట్టి నీటిని ఎవరూ రూపొందించలేదు. వరంగల్‌లో ఈ క్రమాన్ని తిరగవేయడానికి ఇంకా వ్యవధి ఉన్నది.

సమీక్షలో అడగవలసిన ప్రశ్నలు

1. గొట్టం ఎన్నిచోట్ల వాగును దాటుతున్నది? ప్రతి దాటు వద్ద వరద మట్టం ఎంత?
2. చెరువు పూర్తి నీటిమట్టం లోపల మ్యాన్‌హోళ్ళు ఉన్నవా? ఉన్నచో వరదలో నీరు గొట్టంలోకి, మురుగు చెరువులోకి పోకుండా ఏ ఏర్పాటు ఉన్నది?
3. పంపింగ్ కేంద్రంలో విద్యుత్తు నిలిచినపుడు మురుగునీరు ఏ చెరువుకు పొంగుతుంది?
4. పనికి ముందు రెండు కాలాలలో వాగు ప్రవాహం, లవణ సాంద్రత, నత్రజని, భాస్వరం, కోలిఫారాలు కొలిచినారా?
5. శుద్ధి చేసిన నీటిలో ఏ చెరువుకు ఎంత వాటా? వరికి ముందు చివరి వడపోతగా జమ్ము, తుంగతో కూడిన కుంట ఉన్నదా?
6. మురుగు చేరిన చెరువు పూడికను పొలాలకు తరలించే ముందు భార లోహాల పరీక్ష జరిగినదా?

మన కర్తవ్యం

పై ప్రశ్నలలో నాల్గవది మన ప్రయోగశాలలే చేయగల పని. పనికి ముందటి కొలతలు లేకుంటే, తరువాత వచ్చే ఏ వాదనకూ ఆధారం ఉండదు. పాడైనదని రైతు చెప్పినను, బాగుపడినదని ఇంజనీరు చెప్పినను సమానమే. వ్యవసాయ కళాశాల విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా ఒక నాలాను తల నుండి తుద వరకు నడచి, తూముల వద్ద నమూనాలు సేకరించి, ఏ మడికి ఏ నీరు పారుతున్నదో పటంపై గుర్తించగలరు. నీటి పంపకం చూచే నీరటి వద్ద ఉన్న జ్ఞానం ఏ పథక నివేదికలోను దొరకదు. దానిని నమోదు చేయడం విస్తరణ శాస్త్రవేత్తలకే సాధ్యం.

మురుగు గొట్టం ఒకసారి పూడ్చిన తరువాత యాభై ఏళ్ళు కదలదు. చెరువు దానికంటే ఏడు వందల ఏళ్ళు ముందునుండి అక్కడ ఉన్నది. గొట్టం దారి కాగితంపై ఉన్నంతవరకే దానిని పది మీటర్లు పక్కకు జరపడం సులభం. ఆ కాగితం ముందు కూర్చునే వారిలో ఆయకట్టు తరఫున మాట్లాడగల సేద్య శాస్త్రజ్ఞుడు ఒకరు ఉండవలెను.