సామానును శోధించు ఎక్స్-కిరణములు

బళ్ళారి జిల్లాలోని కూరెకుప్పకు సమీపమున, తోరణగల్లు దగ్గర విద్యానగర విమానాశ్రయము కలదు. ఉడాన్ పథకము క్రింద 2017లో హైదరాబాదునుండి ఇచటికి విమానములు రాసాగినవి. చిన్న విమానాశ్రయమైనను, పెద్దదైనను, ప్రయాణికుని సామాను శోధింపబడవలసినదే.

ఆ శోధన విఫలమైనచో నేమగునో 1985లో లోకమునకు తెలిసినది. ఆ యేడు జూన్ 22న టొరంటోలో ఎక్స్-కిరణ యంత్రము చెడిపోగా, మిగిలిన సామానును వాసన పసిగట్టు చేతిపరికరముతో పరీక్షించిరి. మరునాడు ఎయిరిండియా ‘కనిష్క’ విమానము ఆకాశమందే ప్రేలిపోయి 329 మంది మరణించిరి.

రాంట్‌జెన్ 1895లో కనుగొనిన ఈ కిరణములను లోహములు అధికముగ అడ్డగించును. వస్త్రాదులు అంతగా అడ్డగింపవు. రెండు వేర్వేరు శక్తులుగల కిరణములను పంపి, అవి తగ్గిన తీరును పోల్చినచో పదార్థ స్వభావము కొంత తెలియును. అందుచే తెరపై పుస్తకము, వస్త్రము, ఆవకాయ నారింజవన్నెతోను, ఉక్కు నీలివన్నెతోను అగపడును. అయితే పేలుడు పదార్థములలో పెక్కును నారింజవన్నెతోనే కనబడును. అదియుగాక, ఒకే దిక్కునుండి తీసిన బొమ్మలో ఒక వస్తువు మరియొకదాని చాటున దాగును.

ఈ లోపమును చాలవరకు తీర్చునది సి.టి. యంత్రము. 1971లో హౌన్స్‌ఫీల్డు యంత్రముతో రోగి మెదడును చిత్రించిన పద్ధతియే ఇది. కిరణజనకము సంచి చుట్టును తిరుగగా, పలుదిక్కుల నీడలను కంప్యూటరు పొరలుగ కూర్చి, ప్రతి వస్తువుయొక్క సాంద్రతను అంచనా వేయును. లాప్‌టాపును వెలికి తీయు శ్రమయు తగ్గును.

కాని ఈ యంత్రము బరువైనది, ఖరీదైనది. తిరుగు భాగము లేకుండ, చుట్టును అనేక కిరణజనకములను స్థిరముగ అమర్చు ప్రయత్నములు జరుగుచున్నవి. యంత్రము తేలికయై, వెల తగ్గినచో, చిన్న ఊరి ప్రయాణికునకును మహానగరములందలి రక్షణయే లభింపగలదు.