గ్యాస్ గీజర్ మీద ‘ఈ1’: అపోహలు – వాస్తవాలు

చలికాలం మొదలైందంటే శామీర్‌పేట, తూంకుంట, మేడ్చల్ కాలనీల్లో గీజర్ మెకానిక్‌లకు తీరిక ఉండదు. హైదరాబాద్ నగరం నడిమధ్య కంటే ఈ శివార్లలో చలి ఎక్కువ. తెల్లవారుజామునే డ్యూటీకి పోయేవాళ్లు, బడి బస్సు ఎక్కాల్సిన పిల్లలు ఉన్న ఇళ్లలో వేడినీళ్లు పది నిమిషాలు ఆలస్యమైనా ఇల్లంతా హడావుడే. “అన్నా, గీజర్ మీద ఈ1 అని వస్తుంది, వెలుగుతలేదు” అని ఫోన్ చేస్తారు. ఆ రెండక్షరాల చుట్టూ ఎన్నో నమ్మకాలు అల్లుకున్నాయి. కొన్ని డబ్బు వదిలిస్తాయి, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి.

అపోహ 1: కోడ్ వచ్చిందంటే ఏదో పార్ట్ కాలిపోయినట్టే.

వాస్తవం: థర్మామీటర్ జ్వరం ఎంతో చెబుతుంది గానీ జబ్బు పేరు చెప్పదు. కోడ్ కూడా అంతే. చాలా గీజర్లలో ‘ఈ1’కు అర్థం ఒక్కటే: “మంట నాకు కనబడలేదు, అందుకే గ్యాస్ ఆపేశాను.” మంట ఎందుకు రాలేదన్నది మనం వెతుక్కోవాలి.

వెతకడానికి గీజర్ పనిచేసే వరుస తెలిస్తే చాలు. కుళాయి తిప్పగానే నీటి ఒత్తిడికి లోపలి రబ్బరు పొర కదిలి స్విచ్ నొక్కుతుంది. సెల్స్ నుంచి కరెంటు అంది ‘టక్ టక్’మని నిప్పురవ్వలు వస్తాయి. గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, మంట అంటుకుంటుంది. మంటలో నిలిచి ఉన్న సన్నని లోహపు కడ్డీ గుండా అతి స్వల్పమైన కరెంటు పారుతుంది. ఆ కరెంటు అందితేనే మంట ఉందని గీజర్ నమ్ముతుంది. అందకపోతే కొన్ని సెకన్లలోనే గ్యాస్ కట్టేస్తుంది.

కాబట్టి చెవి పెట్టి వినండి, గీజర్ కిటికీ అద్దంలోంచి చూడండి. టక్ టక్ శబ్దమే లేకపోతే నీటి ఒత్తిడినో సెల్స్‌నో అనుమానించాలి. శబ్దం ఉండి మంట రాకపోతే గ్యాస్ అందడం లేదు: సిలిండర్ అయిపోయిందా, రెగ్యులేటర్ ఆన్‌లో ఉందా, పైపు ఎక్కడైనా మడత పడిందా చూడాలి. మంట వచ్చి రెండు మూడు సెకన్లకే ఆరిపోతే ఆ కడ్డీకి మసో దుమ్మో పట్టి ఉండొచ్చు, వైరు వదులై ఉండొచ్చు. ఈ మూడింటిలో మీ ఇంట్లో ఏది జరుగుతోందో ఫోన్‌లోనే చెబితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది, మీకు అనవసరమైన బిల్లు తప్పుతుంది.

అపోహ 2: కోడ్ రాలేదు, వెలగనూ లేదు. ఇక గీజర్ పని అయిపోయింది.

వాస్తవం: చాలాసార్లు గీజర్ బాగానే ఉంటుంది, నీళ్లే చాలవు. పై అంతస్తు బాత్రూంకు, మేడ మీది ట్యాంకుకు మధ్య ఎత్తు తక్కువ. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు 1 బార్ ఒత్తిడి ఉంటుంది. రెండు మీటర్ల నుంచి వస్తే 0.2 బారే. గీజర్ డబ్బా మీద కనీస నీటి ఒత్తిడి 0.02 ఎంపీఏ అని రాసి ఉంటే ట్యాంకులో నీటి మట్టం కనీసం 2 మీటర్లు పైన ఉండాలని లెక్క. ట్యాంకు అడుగంటితే ఆ కాస్తా పోతుంది. రబ్బరు పొర కదలదు, గీజర్‌కు మీరు కుళాయి తిప్పిన సంగతే తెలియదు, అందుకే కోడ్ కూడా రాదు.

ముందు ట్యాంకు చూడండి. తరవాత గీజర్‌లోకి నీళ్లొచ్చే చోట ఉండే చిన్న జల్లెడ విప్పి ఇసుక కడగండి. షవర్ రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడండి. ఆ తరవాత 1.5 వోల్టుల పెద్ద సెల్స్ రెండూ ఒకేసారి మార్చండి. పాతదొకటి, కొత్తదొకటి కలిపి వేస్తే ఫలితం ఉండదు.

అపోహ 3: వెలిగేదాకా మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే అదే దారికొస్తుంది.

వాస్తవం: కొత్త సిలిండర్ పెట్టినప్పుడు పైపులో గాలి ఉంటుంది కాబట్టి మొదటి ఒకటి రెండు ప్రయత్నాలు విఫలమవడం మామూలే. మూడోసారికి మించి ప్రయత్నించకూడదు. వెలగని ప్రతిసారీ కొంత మండని గ్యాస్ బయటికొస్తుంది. ఎల్‌పీజీ గాలి కంటే బరువు కాబట్టి నేల మీద పేరుకుంటుంది. నాలుగోసారి వచ్చే నిప్పురవ్వ దాన్నే అంటించవచ్చు. మూడోసారి కూడా వెలగకపోతే ఆపండి. రెగ్యులేటర్ కట్టేయండి, తలుపులు తెరవండి, కొంతసేపు ఆగండి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి.

అపోహ 4: చలికి గ్యాస్ గడ్డకట్టింది. సిలిండర్ పడుకోబెడితే, వేడినీళ్లు పోస్తే వస్తుంది.

వాస్తవం: ఈ ప్రాంతపు చలికి గ్యాస్ గడ్డకట్టదు. నిమిషానికి 6 లీటర్ల నీళ్లు కాచే గీజర్ పూర్తి మంట మీద గంటకు ఇంచుమించు ఒక కిలో గ్యాస్ తాగుతుంది. స్టవ్ బర్నర్ కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. అంత వేగంగా ద్రవం ఆవిరవుతుంటే సిలిండర్ చల్లబడి లోపలి ఒత్తిడి తగ్గుతుంది. అడుగున కాస్తే మిగిలి ఉంటే ఇంకా తగ్గుతుంది. స్టవ్ వెలుగుతూనే ఉంటుంది, గీజర్ మాత్రం ‘ఈ1’ చూపిస్తుంది. కొంతసేపు ఆగండి, లేదా సిలిండర్ మార్చండి. పడుకోబెడితే ద్రవరూపంలోని గ్యాస్ రెగ్యులేటర్‌లోకి దూసుకొస్తుంది. అది అగ్నిప్రమాదాన్ని చేతులారా పిలవడమే.

అపోహ 5: నెట్‌లో చూసిన కోడ్ పట్టిక అన్ని గీజర్లకూ పనికొస్తుంది.

వాస్తవం: కోడ్‌లకు ప్రపంచమంతటా ఒకే భాష లేదు. మంట అంటుకోకపోతే రిన్నాయ్ గీజర్లు ‘11’ చూపిస్తాయి, వైలంట్ బాయిలర్లు ‘ఎఫ్28’ చూపిస్తాయి. లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉన్న మనవాళ్ల ఇళ్లలో బాయిలర్ నీళ్లు కాచడంతో పాటు ఇంటిని కూడా వెచ్చబరుస్తుంది. అక్కడ వైలంట్ బాయిలర్ల మీద తరచూ కనబడే ‘ఎఫ్22’కు అర్థం వ్యవస్థలో నీటి ఒత్తిడి పడిపోయిందని. ఒత్తిడిని మళ్లీ 1 నుంచి 1.5 బార్‌కు నింపడం ఇంటివాళ్లే చేసుకోవచ్చు. గ్యాస్ పని మాత్రం 2009 నుంచి ఉన్న గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే చేయాలి. అక్కడి బంధువు చెప్పిన చిట్కాను ఇక్కడి గీజర్ మీద ప్రయోగించకండి. మీ గీజర్‌తో వచ్చిన పుస్తకాన్నే నమ్మండి. అది పోతే మోడల్ నంబర్ చెప్పి కంపెనీని అడగండి.

ఇంకో మాట: చాలా గీజర్లు 20 నిమిషాలకు వాటంతటవే ఆగిపోతాయి. అది లోపం కాదు, మీ ప్రాణం కోసం పెట్టిన గడువు.

అపోహ 6: ‘ఓవర్‌హీట్’ కోడ్ వస్తే సెన్సర్ వైర్లు కలిపేస్తే సరి.

వాస్తవం: ఇంతకంటే ప్రమాదకరమైన రిపేరు లేదు. ఇక్కడ చాలా ఇళ్లకు బోరు నీళ్లే ఆధారం. ఉప్పు నీళ్లు కాగినప్పుడు అందులోని కాల్షియం రాగి గొట్టాల లోపల తెల్లటి గారలా పేరుకుంటుంది. మంట వేడి నీటికి సరిగా అందదు, గొట్టం కాగిపోతుంది, వేడిని కనిపెట్టే స్విచ్ గీజర్‌ను ఆపేస్తుంది. ఆ స్విచ్‌ను తప్పించి వైర్లు కలిపితే గీజర్ ఆ రోజుకు నడుస్తుంది గానీ, ఆపేవాడు లేని మంట మిగులుతుంది. గొట్టాలు విప్పించి గార తీయించండి. ఉప్పు ఎక్కువున్న చోట ఏటా చలికాలానికి ముందే చేయించుకుంటే మంచిది. కోడ్ రాకుండా చేసే మెకానిక్ కాదు, కోడ్ ఎందుకొచ్చిందో చూపించే మెకానిక్ కావాలి.

అపోహ 7: పైపు గ్యాస్ వస్తే పాత గీజర్‌నే దానికి తగిలించుకోవచ్చు.

వాస్తవం: గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో ఏర్పాటు చేసిన పైపు గ్యాస్ సరఫరా చేసే భాగ్యనగర్ గ్యాస్ సంస్థ ప్రధాన గ్యాస్ స్టేషన్ (మదర్ స్టేషన్) శామీర్‌పేటలోనే ఉంది. కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడివాళ్లకు దూరపు సంగతి కాదు. పైపులో వచ్చేది ప్రధానంగా మీథేన్. అదే పరిమాణపు ఎల్‌పీజీ దానికంటే రెండింతలకు పైగా వేడినిస్తుంది. రెండింటికీ జెట్ రంధ్రాల కొలతలు వేరు, గ్యాస్ ఒత్తిడీ వేరు. ఎల్‌పీజీ గీజర్‌ను పైపు గ్యాస్‌కు కలిపితే మంట సరిగా రాక కోడ్‌లు వస్తాయి. పైపు గ్యాస్ గీజర్‌ను సిలిండర్‌కు కలిపితే మంట పెద్దదై, మసి కక్కి, విషవాయువు పుడుతుంది. మార్పిడి కుదురుతుందో లేదో గీజర్ కంపెనీయే చెప్పాలి.

అపోహ 8: కోడ్ లేదు, వాసన లేదు. కాబట్టి ప్రమాదమూ లేదు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రాణాంతకమైన నమ్మకం ఇది. గ్యాస్ లీకైతే వాసన వస్తుంది, ఎందుకంటే అందులో కావాలనే వాసన కలుపుతారు. గాలి చాలక గ్యాస్ సగం మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి, ఆపై స్పృహ తప్పడం. స్నానం చేసేవాళ్లు తలుపు గడియ తీసేలోపే కూలిపోవచ్చు. ఇలా జరగడం ఎంత తరచైందంటే, మన దేశపు వైద్యులు దీన్ని ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అనే పేరుతోనే రాశారు. ఆ క్షణంలో గీజర్ తెర మీద నీటి వేడి తప్ప ఇంకేమీ ఉండకపోవచ్చు. గీజర్‌కు తన మంట క్షేమమే తెలుసు, మీ ఊపిరి సంగతి తెలియదు.

అందుకే గీజర్ బాత్రూం బయట, గాలి ధారాళంగా ఆడే చోట ఉండాలి. పొగ గొట్టం ఇంటి బయటికి తెరుచుకోవాలి. నీలం మంట పసుపు రంగుకు తిరిగినా, గీజర్ పైభాగాన మసి కనబడినా ఆ రోజే వాడకం ఆపేయండి. ఎవరైనా కూలిపోతే తలుపు తీసి, గ్యాస్ కట్టేసి, మనిషిని ఆరుబయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి.

మీ గీజర్ ఇంకా బాత్రూం లోపలే ఉంటే, ఏ కోడ్ వచ్చినా రాకపోయినా, ఈ చలికాలంలో చేయించాల్సిన మొదటి రిపేరు దాన్ని బయటికి మార్పించడమే. అది అయ్యేదాకా స్నానపు నీళ్లు పొయ్యి మీదే కాచుకోండి.