కారు వణుకుతోందా, సైలెన్సర్ టప్పుమంటోందా? స్పేర్ పార్టులు మార్చే ముందు ఇవి చూడండి

సిగ్నల్ దగ్గర ఆగగానే కారంతా వణుకుతుంది. స్టీరింగ్ అదురుతుంది. ఆక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే వెనక టపాకాయ పేలినట్టు చప్పుడు. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా పాత కారు నడిపే మనవాళ్లకు ఇది కొత్త కాదు. షెడ్డుకు తీసుకెళ్తే మొదట ప్లగ్గులు మారుస్తారు, తర్వాత కాయిల్, ఆ తర్వాత పెట్రోలు పంపు. బిల్లు పెరుగుతుంది, వణుకు మాత్రం అలాగే ఉంటుంది. జబ్బు ఎక్కడుందో తేలకుండా మందు వేయడం వల్ల వచ్చే చిక్కు ఇది. తేల్చుకోవడానికి ఒక వరుస ఉంది. అందులో చాలా భాగం ఇంటి ముందే, పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు.

అసలు వణుకు ఎందుకు?

మారుతి 800, పాత ఆల్టో వంటి కార్లలో ఇంజన్ 796 సీసీ, సిలిండర్లు మూడు. ఐడ్లింగ్‌లో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. అంటే మూడూ కలిపి నిమిషానికి 1200 సార్లు. వాటిలో ఒకటి పనిచేయకపోతే 400 పేలుళ్లు తగ్గిపోతాయి, ఆ ఖాళీయే మనకు వణుకుగా తెలుస్తుంది. మెకానిక్‌లు దీన్నే ‘మిస్సింగ్’ అంటారు. వేగంగా పోతున్నప్పుడు ఈ లోపం కొంత కప్పబడుతుంది. ఐడ్లింగ్‌లో దాచడానికి వీలుండదు.

సిలిండర్ సరిగ్గా పేలాలంటే నాలుగు కావాలి: వేళకు నిప్పురవ్వ, తగినంత పెట్రోలు, తగినంత గాలి, లోపల కంప్రెషన్. ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్లు గాలి ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది తప్పిందో కనుక్కోవడమే మన పని.

చప్పుడు ముందు నుంచా, వెనక నుంచా?

మొదట తేల్చుకోవలసింది ఇదే. బ్యాక్ ఫైర్ రెండు రకాలు.

చప్పుడు సైలెన్సర్‌లోంచి వస్తే సిలిండర్‌లో కాలని పెట్రోలు బయటికొచ్చి, వేడి గొట్టంలో అంటుకుంటోందని అర్థం. ప్లగ్గు, కాయిల్, ప్లగ్గు వైరు పాడవడం, పెట్రోలు మరీ ఎక్కువ పడటం దీనికి కారణాలు. సైలెన్సర్ జాయింట్ దగ్గర గ్యాస్కెట్ పోయినా బయటి గాలి లోపలికి చేరి అలాగే పేలుతుంది.

చప్పుడు బానెట్ కింద, ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి వస్తే దారి వేరు. పెట్రోలు తక్కువై మిశ్రమం పలచబడితే మంట నెమ్మదిగా కాలుతుంది. ఇన్‌టేక్ వాల్వ్ మళ్లీ తెరుచుకునే సమయానికి ఇంకా కాలుతూనే ఉండి, లోపలికొస్తున్న కొత్త మిశ్రమాన్ని అంటిస్తుంది. గాలి లీకు, మూసుకుపోయిన పెట్రోలు ఫిల్టర్, సరిగ్గా మూసుకోని వాల్వ్, తప్పిన టైమింగ్ ఇక్కడ అనుమానించాల్సినవి.

సర్వీసు చేయించిన మర్నాటి నుంచే మొదలైతే ఆ సర్వీసులో చెయ్యి పెట్టిన చోటే ముందు చూడాలి. పాత మూడు సిలిండర్ల మారుతి ఇంజన్లలో పేలే వరుస 1-3-2, నాలుగు సిలిండర్ల కార్లలో ఎక్కువగా 1-3-4-2. ప్లగ్గు వైర్లు తారుమారైనా, టైమింగ్ బెల్టు ఒక పన్ను జారి కూర్చున్నా, కొత్త భాగాలన్నీ బాగానే ఉన్నా ఇంజన్ మాత్రం తిన్నగా నడవదు.

ఏ వేళలో వస్తోంది?

వానాకాలం పొద్దున్నే మిస్సింగ్ వచ్చి, ఇంజన్ వేడెక్కాక పోతే తేమ వల్ల కరెంటు పక్కదారి పడుతోందని అనుమానించాలి. యానాం, బరంపురం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పట్టడం కూడా ఎక్కువే. ప్లగ్గు వైర్లున్న పాత కార్లలో రాత్రి దీపాలార్పి, బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా దూరం నుంచి చూడండి. వైరు బీటలిచ్చిన చోట నీలి రవ్వలు కనిపిస్తాయి. అందులో వేల వోల్టులు ఉంటాయి కాబట్టి చేత్తో ముట్టుకోకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దగ్గరికే వెళ్లకూడదు.

ఏసీ వేయగానే ఇంజన్ కుంగి ఆగిపోతుంటే థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసి, ఐడ్లింగ్ వాల్వ్ చూడాలి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే మిస్సయితే ప్లగ్గులు, కాయిల్, పెట్రోలు ప్రెషర్ చూడాలి.

కారు నెలల తరబడి కదలకుండా ఉంటే పెట్రోలునే అనుమానించండి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. దానికి తోడు మిశ్రమాన్ని కొంత పలచబరుస్తుంది. కార్బురేటర్ కార్లు ఆ తేడాను తమంతట తాము సర్దుకోలేవు. పాత రబ్బరు పైపులు, సీళ్లు కూడా ఒకసారి చూపించుకోవాలి.

ఏ సిలిండర్?

సుమారు 2013 తర్వాతి పెట్రోలు కార్లలో స్కానర్ పెడితే కోడ్ వస్తుంది. పి0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్, పి0302 అంటే రెండో దానిలో. పి0300 అయితే మిస్సింగ్ ఒకే సిలిండర్‌కు కట్టుబడి లేదని అర్థం. పి0171 వస్తే మిశ్రమం పలచగా ఉందని. కోడ్ చోటు చూపిస్తుంది, కారణం చెప్పదు. పి0301 రాగానే కాయిల్ మార్చేయడం తొందరపాటు.

ఒక్కో ప్లగ్గుకు ఒక్కో కాయిల్ ఉన్న కారైతే ఇంజన్ ఆపి, ఒకటో కాయిల్‌ను రెండో చోట, రెండోదాన్ని ఒకటో చోట పెట్టించండి. మిస్సింగ్ రెండో సిలిండర్‌కు మారితే దోషం కాయిల్‌ది. మారకపోతే కాయిల్ బాగానే ఉంది, ప్లగ్గో ఇంజెక్టరో కంప్రెషనో చూడాలి. ఈ ఒక్క పరీక్షతో ఒక కాయిల్ ఖరీదు మిగలొచ్చు.

స్కానర్ లేకపోతే ఇంజన్ నడుస్తుండగా మెకానిక్ ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి పెడతాడు. బాగున్న సిలిండర్‌ది తీస్తే వణుకు పెరుగుతుంది. ఏది తీసినప్పుడు తేడా రాదో అదే పనిచేయని సిలిండర్.

ప్లగ్గు చెప్పే కథ

ఇంజన్ చల్లారాక ప్లగ్గులు తీయించి వరుసగా పేర్పించండి. లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ. తడిగా పెట్రోలు వాసన వేస్తే ఆ సిలిండర్ కాలడం లేదు. జిడ్డుగా ఉంటే లోపలికి ఇంజన్ ఆయిల్ చేరుతోంది. తెల్లగా మాడినట్టుంటే మిశ్రమం పలచన. మూడింటిలో ఒకటే వేరుగా ఉంటే జబ్బు ఆ సిలిండర్‌ది. మూడూ ఒకేలా చెడితే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఫిల్టర్, పంపు, సెన్సార్ల వైపు వెళ్లాలి.

గాలి లీకు, కంప్రెషన్

ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు, బ్రేకు బూస్టర్‌కు వెళ్లే చిన్న రబ్బరు పైపులు ఎండకు పగులుతాయి. ఇంజన్ నడుస్తుండగా ‘స్స్’మనే శబ్దం వినిపిస్తుంది. కొన్ని కార్లలో ఐడ్లింగ్ పెరుగుతుంది, కొన్నింట్లో పైకీ కిందికీ ఊగుతుంది. వెతకడానికి వేడి ఇంజన్ మీద పెట్రోలు చల్లేవాళ్లున్నారు, అగ్గి రాజుకుంటుంది, చేయనివ్వకండి.

ఇవన్నీ బాగున్నాయంటే చివర కంప్రెషన్ పరీక్ష. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వో హెడ్ గ్యాస్కెట్టో అనుమానించాలి.

గ్యాస్ కిట్ ఉన్న పాత ఓమ్నీల వంటి బళ్లలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. మిక్సర్ రకం కిట్లలో ఇన్‌టేక్ అంతా గ్యాసు, గాలి కలిసి నిండి ఉంటుంది. ఎదురు పేలితే ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగిలిపోగలదు. ప్లగ్గులు, వాల్వ్ క్లియరెన్స్ వేళకు చూపించాలి. పెట్రోలు మీద బాగా నడిచి గ్యాసు మీదే మిస్సయితే ముందుగా కిట్‌ను, ప్లగ్గులను చూడాలి.

ఎప్పుడు ఆపేయాలి?

చెక్ ఇంజన్ లైటు వెలిగి ఉంటే నెమ్మదిగా షెడ్డుకు వెళ్లొచ్చు. ఆరి వెలుగుతూ ఉంటే మాత్రం బండి పక్కన ఆపాలి. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి, లోపలి తేనెపట్టులాంటి దిమ్మె కరిగిపోగలదు. అప్పుడు ప్లగ్గుతో పోయే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. అలాంటి బండిని గడ్డి మీద, రోడ్డు పక్క ఆరబోసిన పంట మీద నిలపకండి, కింది వేడికి అంటుకోవచ్చు. పెట్రోలు వాసన గట్టిగా వస్తే స్టార్ట్ చేయనే వద్దు. మూసిన గ్యారేజీలో ఇంజన్ నడిపి పరీక్షించడం ప్రాణాంతకం.

మెకానిక్‌కు ఏం చెప్పాలి?

మనం ఉన్నచోట మెకానిక్ తమిళమో కన్నడమో ఒడియానో మాట్లాడొచ్చు. ఇబ్బందేమీ లేదు. ప్లగ్గు, కాయిల్, మిస్సింగ్ అన్నవి అన్ని షెడ్లలోనూ చెల్లే మాటలు. పి0301కి ఏ భాషా లేదు. ఒక కాగితం మీద ఈ ఐదూ రాసుకెళ్లండి: చప్పుడు ముందా వెనకా, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఆగినప్పుడా ఎత్తు ఎక్కేటప్పుడా, ఈ మధ్య ఏం మార్చారు, స్కానర్‌లో వచ్చిన కోడ్ ఏమిటి. కోడ్ చెరిపేసే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఏ భాగం మార్చమన్నా, అది పాడైందని ఏ పరీక్షలో తేలిందో అడగండి. మార్చాక పాత భాగాన్ని మీ చేతికి ఇమ్మనండి.