గుండెకు రక్ష... కడుపుకు శిక్ష కారాదు

* రక్తం పలుచబరిచే మందులతో జీర్ణాశయంలో పుండ్ల ముప్పు
* ‘గ్యాస్ మాత్ర’ అనుకుని రక్షణ మందును వదిలేస్తున్న రోగులు
* నొప్పుల మాత్ర తోడైతే మరింత ప్రమాదం

నల్గొండ: గుండెకు స్టెంట్ వేయించుకుని ఇల్లు చేరిన రోగి చేతిలో ఆరేడు రకాల మాత్రలు రాసిన చీటీ ఉంటుంది. మొదటి నెల అన్నీ క్రమం తప్పకుండా వేసుకుంటారు. రెండో నెలకు ఖర్చు భారమనిపిస్తుంది. ‘గుండె మాత్రలు వేసుకుంటే చాలు, గ్యాస్ బాధ లేదు కదా’ అంటూ పరగడుపున వేసుకోవలసిన చిన్న మాత్రను పక్కన పెట్టేస్తారు. పత్తి ఏరే రోజుల్లో నడుము పట్టేస్తే దుకాణంలో నొప్పుల మాత్ర కొని మింగుతారు. కొన్నాళ్లకు నీరసం, ఆయాసం మొదలవుతాయి. మలం తారులా నల్లగా వస్తుంది. కడుపులో పుండు పడి లోలోపల రక్తం కారుతోందన్న సంగతి పెద్దాసుపత్రికి చేరాక గానీ తెలియదు.

గ్రామాల్లో ఈ కథ కొత్తదేమీ కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం ప్రారంభమయ్యాక స్టెంట్లు, బైపాస్, కవాటాల మార్పిడి చికిత్సలు నిరుపేదలకూ అందుబాటులోకి వచ్చాయి. వేలాది ప్రాణాలు నిలిచాయి. అయితే శస్త్రచికిత్స ఒక రోజుతో ముగుస్తుంది, మందుల వాడకం ఏళ్ల తరబడి సాగుతుంది. ఆ మందుల్లో ఏది ఎందుకో తెలియకపోవడమే అసలు చిక్కు.

మేలు చేసే గుణమే కీడుకు మూలం

రక్తం పలుచబరిచే మందులని వాడుకలో అంటున్నా, ఇవి నిజంగా రక్తాన్ని నీళ్లలా పలుచన చేయవు. రక్తం గడ్డకట్టే స్వభావాన్ని తగ్గిస్తాయి. వీటిలో అందరికీ తెలిసినది ఆస్పిరిన్. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కట్టకుండా ఇది అడ్డుకుంటుంది. 75 మిల్లీగ్రాముల చిన్న మాత్ర కూడా ప్లేట్‌లెట్లు జీవించి ఉన్నంతకాలం, అంటే సుమారు ఏడు నుంచి పది రోజుల వరకు, వాటిని పని చేయనీయదు. స్టెంట్ మూసుకుపోకుండా కాపాడేది ఈ గుణమే.

ఇదే మాత్ర జీర్ణాశయంలో మరో పని చేస్తుంది. జీర్ణాశయంలో ఆహారాన్ని అరిగించే ఆమ్లం ఎంతో ఘాటైనది. ఆ ఆమ్లం సొంత గోడనే తినివేయకుండా లోపల జిగురు పొర ఒకటి కవచంలా ఉంటుంది. ఆ కవచాన్ని నిలబెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఆస్పిరిన్ వీటి ఉత్పత్తిని ఆపివేస్తుందని బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో కనుగొన్నారు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. కవచం పలచబడితే ఆమ్లం గోడను తాకుతుంది, పుండు పడుతుంది. అప్పటికే గడ్డకట్టే గుణం తగ్గి ఉండటంతో ఆ పుండు నుంచి కారే రక్తం త్వరగా ఆగదు.

పేగుల్లో కరిగేలా పైపూత వేసిన ఆస్పిరిన్ వాడితే భయం లేదన్నది చాలామంది నమ్మకం. ఇది అపోహే. మాత్ర ఎక్కడ కరిగినా మందు రక్తంలో కలిసి జీర్ణాశయ కవచంపై ప్రభావం చూపుతుంది. పైపూత వల్ల రక్తస్రావం ముప్పు చెప్పుకోదగినంతగా తగ్గదు. ఇక స్టెంట్ వేసిన తరువాత సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ వంటి రెండో మందు కూడా ఇస్తారు. ఉన్న పుండు మానకుండా క్లోపిడోగ్రెల్ అడ్డుపడుతుంది. రెండూ కలిసిన ఈ కాలమే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన సమయం.

నొప్పి లేకుండానే పుండు

కడుపులో మంట, నొప్పి ఉంటేనే అల్సర్ అని సామాన్యుల భావన. ఈ మందుల వల్ల వచ్చే పుండ్లు చాలాసార్లు ఏ నొప్పీ లేకుండానే పెరుగుతాయి. రక్తస్రావమే మొదటి లక్షణం కావచ్చు. అందుకే ‘నాకు కడుపు బాగానే ఉంది’ అన్న ధీమా పనికిరాదని వైద్యులు హెచ్చరిస్తున్నారు. ఆవకాయ, పచ్చిమిరప కారం వల్లే అల్సర్ వస్తుందన్నది కూడా నిజం కాదు. కారం మంటను పెంచవచ్చు గానీ పుండుకు మూలకారణం కాదు. కారం మానేశాం కాబట్టి ముప్పు తప్పిందని భావించడం పొరపాటు.

అది గ్యాస్ మాత్ర కాదు

పరగడుపున వేసుకోమని రాసే పాంటోప్రజోల్, రాబిప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్రలను జనం గ్యాస్ మాత్రలంటారు. గుండె రోగికి వీటిని రాసేది గ్యాస్ కోసం కాదు. ఇవి ఆమ్లం ఉత్పత్తిని బాగా తగ్గించి, కవచం పలచబడిన జీర్ణాశయ గోడను కాపాడతాయి. బాధ ఉన్నా లేకున్నా రోజూ వేసుకుంటేనే ఫలితం ఉంటుంది.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్న 3,700 మందికి పైగా రోగులపై జరిగిన ఒక అంతర్జాతీయ పరిశోధన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఒమెప్రజోల్ వాడనివారిలో ఆరు నెలల్లో 2.9 శాతం మందికి జీర్ణకోశ రక్తస్రావం, పుండ్ల వంటి సమస్యలు తలెత్తగా, వాడినవారిలో అది 1.1 శాతమే.

అందరికీ ఈ మాత్ర తప్పనిసరి కాదు. 65 ఏళ్లు దాటినవారు, గతంలో అల్సర్ లేదా రక్తస్రావం వచ్చినవారు, రక్తం పలుచబరిచే మందులు రెండు రకాలు వాడేవారు, స్టెరాయిడ్లు లేదా నొప్పుల మందులు తప్పనివారు, మద్యం అలవాటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ముప్పు ఎక్కువ ఉన్న కోవలోకి వస్తారు. ఇటువంటి వారి చీటీలో రక్షణ మాత్ర లేకపోతే, ఎందుకు లేదో వైద్యుడిని అడిగి తెలుసుకోవడం మేలు.

ఏ మాత్ర వేసుకోవాలన్నదీ ముఖ్యమే. క్లోపిడోగ్రెల్ శరీరంలో చురుకైన మందుగా మారడానికి ఒక ఎంజైమ్ అవసరం. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఆ ఎంజైమ్‌కు అడ్డుపడతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో హెచ్చరించింది. 2010 నాటి పరిశోధనలో గుండెపోట్లు పెరిగినట్లు తేలకపోయినా, క్లోపిడోగ్రెల్ వాడేవారికి అటువంటి అడ్డంకి తక్కువగా ఉన్న పాంటోప్రజోల్ రాయడానికే వైద్యులు మొగ్గు చూపుతారు. కాబట్టి దుకాణదారు ‘రెండూ ఒకటే’ అంటూ మాత్ర మార్చి ఇస్తే తీసుకోరాదు. ఒకప్పుడు ఇంటింటా కనిపించిన రానిటిడిన్ ఈ పనికి అంత సమర్థమైనది కాదు. పైగా క్యాన్సర్ కారక మలినం ఆందోళనల నేపథ్యంలో 2022లో జాతీయ ఆవశ్యక ఔషధాల జాబితా నుంచి దాన్ని తొలగించారు. మంట పుట్టినప్పుడు తాగే గులాబీ రంగు మందు తాత్కాలిక ఉపశమనమే గానీ పుండును నివారించదు.

ఉదయం అల్పాహారానికి అరగంట ముందు రక్షణ మాత్ర, ఆహారం తరువాత ఆస్పిరిన్ వేసుకోవడం సరైన పద్ధతి. అలాగని రక్షణ మాత్రను అవసరం తీరాక కూడా ఏళ్ల తరబడి వాడరాదు. దీర్ఘకాలం వాడితే బి12 విటమిన్, మెగ్నీషియం తగ్గడం, పేగుల ఇన్ఫెక్షన్లు వంటి ఇబ్బందులు కొందరిలో కనిపిస్తాయి. రెండో గుండె మందును ఆపినప్పుడు, ఈ మాత్ర ఇంకా కావాలా అని వైద్యుడినే అడగాలి.

అసలు శత్రువు నొప్పుల మాత్ర

జిల్లాలో ఈ ముప్పుకు మరో కోణం ఉంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి తదితర మండలాల్లో దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీరు తాగిన తరం ఉంది. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా జలాలు వచ్చినా, ముదిరిన ఎముకల వంకర్లు, కీళ్ల నొప్పులు వెనక్కి పోలేదు. నాట్లు, కలుపుతీతతో నడుములు వంగిన కూలీలూ తక్కువేమీ కాదు. వీరికి నొప్పుల మాత్ర నిత్యావసరంగా మారింది.

డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్, అసిక్లోఫినాక్ వంటివి ఆస్పిరిన్ లాగే జీర్ణాశయ కవచాన్ని దెబ్బతీస్తాయి. రెండూ కలిస్తే పుండు పడే అవకాశం బాగా పెరుగుతుంది. అంతేకాదు, డైక్లోఫినాక్ గుండెపోటు ముప్పును కూడా పెంచుతుంది. ఆస్పిరిన్ గుండెకు చేసే మేలును ఐబూప్రొఫెన్ అడ్డుకోగలదు. ఇంజక్షన్ రూపంలో తీసుకున్నా కడుపుకు ముప్పు తప్పదు, ఎందుకంటే మందు రక్తం ద్వారానే పనిచేస్తుంది. ఏమి కలిపారో తెలియని కీళ్ల నొప్పుల పొడులు, పేరు లేని పొట్లాలు మరీ ప్రమాదకరం. వాటిలో స్టెరాయిడ్లు కలిసి ఉండే అవకాశం ఉంది. గుండె రోగికి నొప్పి వస్తే వైద్యుని సలహాపై తగిన మోతాదులో పారాసిటమాల్ వాడటం, కాపడం, పైపూత మందులు మేలు. ఆర్‌ఎంపీ వద్దకు వెళ్లినా ‘గుండెకు స్టెంట్ ఉంది, ఆస్పిరిన్ వాడుతున్నాను’ అని ముందే చెప్పాలి.

కడుపులో దాగిన క్రిమి

అల్సర్లకు మరో ప్రధాన కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ 1984లో ఈ క్రిములున్న ద్రవాన్ని స్వయంగా తాగి, అవి జీర్ణాశయానికి వాపు తెస్తాయని నిరూపించారు. సహచరుడు రాబిన్ వారెన్‌తో కలిసి 2005లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మన దేశంలో ఈ క్రిమి సర్వసాధారణం. గతంలో అల్సర్ వచ్చినవారు దీర్ఘకాలం ఆస్పిరిన్ వాడవలసి వస్తే శ్వాస, మలం లేదా ఎండోస్కోపీ పరీక్షతో దీన్ని గుర్తించి, రెండు వారాల పాటు మందులతో నిర్మూలించుకోవచ్చు. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి పాంటోప్రజోల్ వంటివి వాడితే ఫలితం తప్పుగా రావచ్చు. వాటిని ఆపాలా వద్దా అన్నది వైద్యుడే నిర్ణయించాలి.

కవాటం మార్పిడి చేయించుకున్నవారు వాడే అసినోకూమరాల్, వార్ఫరిన్ మందులు మరో తరహావి. వీరు ఐఎన్ఆర్ రక్తపరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోవాలి. మెట్రోనిడజోల్ వంటి యాంటీబయాటిక్‌లు వీటి ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీస్తాయి. కనుక విరేచనాలకో పంటి నొప్పికో సొంతంగా మందు కొనరాదు.

రక్తం పడిందని గుండె మందు మానరాదు

నల్లటి మలం చూసిన భయంతో కొందరు గుండె మందులన్నీ ఒక్కసారిగా మానేస్తారు. ఇది పుండు కన్నా ప్రమాదకరం. అల్సర్ నుంచి రక్తం కారిన 156 మంది రోగులపై హాంకాంగ్ వైద్యులు జరిపిన పరిశోధన 2010లో ప్రచురితమైంది. ఎండోస్కోపీ చికిత్స తరువాత ఆస్పిరిన్ కొనసాగించినవారిలో 10.3 శాతం మందికి మళ్లీ రక్తం కారింది, ఆపినవారిలో అది 5.4 శాతమే. కానీ ఎనిమిది వారాల్లో మరణాలు చూస్తే ఆస్పిరిన్ కొనసాగించినవారిలో 1.3 శాతం, ఆపినవారిలో 12.9 శాతం. ఆస్పిరిన్ ఆపితే పుండు కొంత నిమ్మళించినా ప్రాణానికే ఎసరు రావచ్చని ఈ అంకెలు చెబుతున్నాయి. ఏ మందు ఆపాలి, ఎన్ని రోజులకు తిరిగి మొదలుపెట్టాలి అన్నది గుండె వైద్యుడు, జీర్ణకోశ వైద్యుడు కలిసి తేల్చవలసిన విషయం. పన్ను తీయించుకునే ముందు కూడా ఇదే నియమం.

మరోవైపు, గుండె జబ్బేమీ లేనివారు ‘ముందు జాగ్రత్త’ పేరుతో సొంతంగా ఆస్పిరిన్ మొదలుపెట్టడం తగదు. 60 ఏళ్లు దాటాక అలా కొత్తగా ప్రారంభించవద్దని అమెరికా నిపుణుల బృందం 2022లో సూచించింది. జబ్బు లేనివారికి మేలు కన్నా రక్తస్రావం కీడే ఎక్కువన్నది దీని వెనుక కారణం.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి

* మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే (ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది, అనుమానం ఉంటే పరీక్ష చేయించాలి)
* వాంతిలో రక్తం లేదా కాఫీ పొడి వంటి పదార్థం కనిపిస్తే
* లేవగానే కళ్లు తిరగడం, చెమటలు, గుండె దడ, చర్మం పాలిపోవడం ఉంటే
* ఛాతీలో మంట, బరువు అనిపిస్తే ‘గ్యాసే’ అని సరిపెట్టుకోకుండా ఈసీజీ తీయించాలి. గుండెపోటూ ఇలాగే కనిపించవచ్చు

అత్యవసరమైతే 108కు ఫోన్ చేయాలి. మందుల చీటీ, వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడే ‘ఇందులో కడుపును కాపాడే మాత్ర ఏది, ఎంతకాలం వాడాలి’ అని అడిగి, ఆ అట్టపై తెలుగులో రాయించుకుంటే సగం ముప్పు అక్కడే తప్పుతుంది.